బుధవారం నలుగురం

ఆ ఏడు మిర్చికి మా ఆయన సమ్మయ్య ఒక్కడే పోయిండు. పెళ్ళయినకాడి నుంచి నేను పోకపోవుడు అదే మొదలు. శివరాత్రి దాటంగనే మా తర్లగూడల సగం మంది మూటలు కట్టుకుని రాష్ట్రం దాటి తెలంగాణ చేన్లకు పోతరు. మిర్చి ఏరుడు అయిపోయేదాక అక్కడనే గుడిసెలు వేసుకుని ఉంటరు. ఆ ఏడు మాత్రం నాకు బోరింగు పని వచ్చి పడింది.

వచ్చి పడింది అనే చెప్పాలె. గ్రామసభల బోరింగులు బాగుచేసుడు నేర్చుకునేటందుకు ఊరి నుంచి ఒక ఆడమనిషి పేరు కావాలన్నరు. ఎవరూ నోరు మెదపలేదు. నేను అందరికన్న వెనక కూసుని దోమను కొట్టబోయి చెయ్యి లేపిన. పంచాయతి సచివ్ నా పేరు రాసుకున్నడు. కాదని చెప్పాలంటే లేచి నిలబడాలె, అంతమందిల మాట్లాడాలె. దానికన్న నేర్చుకునుడే సులువనిపించింది.

భోపాలపట్నంల పదిహేను రోజులు నేర్పిన్రు. అది అయిపోయిన నాలుగు రోజులకే మిర్చి బండి వచ్చింది.

"పదిహేను రోజులకే మెకానిక్ అయితవా?" అన్నడు సమ్మయ్య, మూట భుజాన వేసుకుంటూ. ఎకసెక్కానికి కాదు, నిజంగనే అడిగిండు.

"ఏమో" అన్న.

"నీకు హిందీ మాట్లాడుడు రాదు. పదిమందిల నోరు తెరవవు. ఆ ఇనుప పైపులు ఎట్ల లేపుతవ్?"

"ఇంకా ముగ్గురు ఉన్నరు గదా."

"వాళ్ళు లేపుతరు సరే. నువ్వేం జేస్తవ్?"

బండి కదిలినంక గూడ శానాసేపు రోడ్డు మీదనే నిలబడి అదే ఆలోచించిన. ఆ పదిహేను రోజులు నేను చేసిందేంది? సామాన్లు అందించిన. అందరూ తల ఊపితే నేనూ ఊపిన. పానా చేతబట్టి ఒక్క నట్టు గూడ విప్పలేదు.

నాతోని నేర్చుకున్నోళ్ళు ముగ్గురు. మద్దేడు ఇర్మె అక్కకు నలభై అయిదేండ్లు ఉంటయి. దోర్ల తెగ మనిషి. ఆమె మాటల సగం తెలుగే కాబట్టి నాకు ఆమెతోనే నోరు కలిసింది. భోపాలపట్నం సీత దీదీ హల్బీ భాష మాట్లాడుతది, హిందీ మాట్లాడుతది, చదువు రాదు. హుంగే అందరికన్న చిన్నది, ఇరవై ఏండ్లు. లోపలి ఊరు. ఇంట్ల గోండి, బడిల హిందీ. పన్నెండో తరగతి పాసయింది. మా నలుగురికీ కలిపి సామాన్ల డబ్బా ఒక్కటే ఇచ్చిన్రు. అది ఎవరింట్ల ఉండాలె అన్న మాట వచ్చినప్పుడు ఇర్మె అక్క డబ్బా నెత్తిన పెట్టుకుని "మా ఇంటికి రాన్రి" అన్నది. మాట అక్కడికి అయిపోయింది.

అట్ల ప్రతి బుధవారం పొద్దుగాల బస్సెక్కి మద్దేడు పోవుడు మొదలైంది. ఏ ఊరి నుంచైనా కబురొస్తే డబ్బా పట్టుకుని పోయేది. రాకపోతే ఇర్మె అక్క వాకిట్లనే కూసునేది. ఆమె ఎక్కడి నుంచో పాడైపోయిన బోరింగు తలకాయ, రెండు పాత పైపులు తెచ్చి పెట్టింది. దాన్నే విప్పుడు, బిగించుడు, మళ్ళ విప్పుడు.

నాలుగో బుధవారం అనుకుంట. పైపులు విప్పుదామని లేచినం. నేను ఎప్పటి లెక్కనే డబ్బా పక్కన కూసుని పానాలు తుడుస్తున్న.

హుంగే నన్ను చూసి హిందీల అన్నది. "సుమిత్ర దీదీ, ఇన్ని వారాలల్ల నువ్వు ముందుగ పానా పట్టంగ నేను ఒక్కసారి గూడ చూడలేదు."

"నేను అందిస్త. నాకు అదే మంచిగ వస్తది" అన్న.

"వచ్చిన పనే చేసేటందుకు ఇంత దూరం బస్సు ఎందుకు ఎక్కుతున్నవ్?" అన్నది ఇర్మె అక్క. కోపంగ అనలేదు. అనుకుంటనే చేతులు రెండూ ఎనుక పెట్టుకున్నది. "ఇగో, ఇయ్యాల మా ముగ్గురి చేతులు ఇట్లనే ఉంటయి. అందరికన్న తక్కువ ఎవరికి వస్తదో వాళ్ళే చెయ్యాలె. నోటితోని చెప్తం, చేతితోని ముట్టం."

నేను పానా పట్టిన. ఎటు తిప్పితే బిగుస్తదో ఎటు తిప్పితే వదులైతదో గూడ ఆ నిమిషంల యాదికి రాలేదు. రెండుసార్లు తప్పు దిక్కు తిప్పిన. హుంగే వేళ్ళు ఆగలేక గుంజుకుంటున్నయి గాని ముందుకు రాలేదు. ఆఖరికి నట్టు కిర్రుమని కదిలింది.

"హిందీ పేర్లు నాకు నోటికి తిరుగుతలేవు. నవ్వుతరని భయం" అన్న. ఎందుకన్ననో తెల్వదు, నట్టుతోని పాటు నోరు గూడ వదులైనట్టుంది.

సీత దీదీ తన కొంగు ముడి నుంచి ఒక తాడు తీసి చూపించింది. మూరకొక ముడి ఉన్నది దానికి. "నాకు అంకెలు రావు. బోరు ఎంత లోతుందో దీంతోని చూసుకుంట. ఇప్పటిదాక ఎవరికీ చూపించలేదు" అన్నది.

హుంగే తలకాయ దించుకున్నది. "పోయిన వారం మా ఊళ్ళ మగోళ్ళు నవ్విన్రు. బోరింగు ఎనుకకు పోయి ఏడ్చిన."

"నేను బోరులకు తొంగి చూడలేను, కండ్లు తిరుగుతయి" అన్నది ఇర్మె అక్క. "అందుకే ఆ పని సీతకు చెప్తుంట. ఇప్పుడు తెలిసిపోయింది గదా, ఇంక ఆ పని మీరే చెయ్యాలె."

ఆ పొద్దు శానా నవ్వినం. కాని నేను బస్సుల తిరిగి వచ్చేటప్పుడు నవ్వు గురించి ఆలోచించలేదు. నాలాగనే ఏదో ఒకటి రానోళ్ళు ఇంత పని చేస్తున్నరా అని ఆలోచించిన.

ఏప్రిల్ నెలల మూడు బోరింగులు బాగు చేసినం. ఒకదాంట్ల వాషర్లు మార్చింది నేనే. తునికాకు కోతలు మొదలయ్యేసరికి చుట్టూ ఊళ్ళల్ల మమ్మల్ని బోరింగు దీదీలు అనుడు మొదలుపెట్టిన్రు. తొవ్వల నిలబెట్టి అడిగేటోళ్ళు, మా ఊరికి ఎప్పుడొస్తరని. నేను జవాబు చెప్పేది, హిందీలనే. తప్పులున్నా చెప్పేది.

మే నెల నడిమిల మా వాడ బోరింగు పోయింది.

మా వాడకు అది ఒక్కటే దిక్కు. హ్యాండిల్ కొడితే గాలి వస్తున్నది గాని నీళ్ళు రాలేదు. ఆడోళ్ళందరూ బిందెలు పట్టుకుని వాగుకు పోయి, ఇసుకల చెలిమెలు తీసి, గిన్నెతోని నీళ్ళు తోడుకుంటున్నరు. ఒక బిందె నిండాలంటే ఊరిన నీళ్ళ కోసం గంటసేపు కూసోవాలె. మా అత్త సోమమ్మ మోకాళ్ళు నొస్తున్నా పొద్దుగాలనే పోయేది, మా పాపకు బడి లేదని దాన్ని గూడ తోలుకుని.

నేను హుంగేకు ఫోన్ చేసిన. తెల్లారి ముగ్గురూ దిగిన్రు.

"నీ ఊరు. నువ్వే ముందుండాలె" అన్నది ఇర్మె అక్క.

వాడ వాడంతా వచ్చింది చూసేటందుకు. పంచాయతిల మా వార్డు పంచ్ ముసలయ్య మామ కుర్చీ తెప్పించుకుని కూసున్నడు. ఊళ్ళ పెద్దమనిషి, మాట కరుకు.

బోరింగు లోపల పైపులు ఒకదాని కింద ఒకటి బిగించి ఉంటయి. అన్నిటికన్న అడుగున సిలిండర్. వాషర్లు అరిగేది అందుల. వాటిని మార్చాలంటే పైపులన్నీ పైకి లాగి ఒక్కొక్కటే విప్పాలె. పైది విప్పేటప్పుడు కిందియి జారకుండ బోరు మూతి మీద క్లాంపు పట్టుకుని ఉంటది. మళ్ళ లాగేటప్పుడు ఇద్దరు రెండు దిక్కుల పానాలు తగిలించి బరువు చేతులకు తీసుకుంటరు, అప్పుడు క్లాంపు వదులు చెయ్యాలె. ఆనాడు క్లాంపు నాది.

మా బోరింగుకు పది పైపులు. ఆరు విప్పి పక్కన పెట్టినం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. ఇర్మె అక్క తన పానా తగిలించింది. సీత దీదీ అటు దిక్కు తిరిగి "హా" అన్నది. నేను క్లాంపు వదులు చేసిన.

పైపు నా చేతుల మధ్య నుంచే పోయింది. ఒక్క చప్పుడు. తర్వాత లోపల ఎక్కడో ఇంకొక చప్పుడు, శానా లోతుల. నాలుగు పైపులు, సిలిండర్, అన్నీ బోరులకు పోయినయి.



"అయిపోయింది" అన్నడు ముసలయ్య మామ. "నీళ్ళు రాకున్నా బోరన్నా ఉండె. ఇప్పుడు అదీ పోయింది. ఎవరి చెయ్యి అది?"



"మా నలుగురి చెయ్యి" అన్నది ఇర్మె అక్క.

"నలుగురూ ఒకటేసారి ఇడువరు గదా. ఎవరు ఇడిసిన్రు?"

"నలుగురం" అన్నది హుంగే, తెలుగుల. ఆ ఒక్క మాట ఎప్పుడు నేర్చుకున్నదో. సీత దీదీ గూడ తల ఊపింది. నేను మాత్రం పానాలు ఏరి డబ్బాల వేసుకుంట కూసున్న.

ఆ వారమంతా నేను వాగుకు తొవ్వ మార్చి పోయిన, ఎవరూ ఎదురు రాకుండ. ఎవరూ తిట్టలేదు. చెలిమె దగ్గర నన్ను చూసి జరిగి చోటిచ్చేటోళ్ళు, అంతే. అది తిట్టుకన్న బరువుగ ఉండె. సమ్మయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుధవారం పొద్దుగాల బస్సు హారన్ ఇంట్లనే ఉండి విన్న. బియ్యం చెరుగుకుంట కూసున్న, చెరిగిన బియ్యమే మళ్ళ చెరుగుకుంట.

పగటి బస్సుకు ముగ్గురూ వచ్చిన్రు. ఇర్మె అక్క చెప్పులు ఇడిసి వసారాల కూసుని నీళ్ళు అడిగింది. ఇచ్చిన.

"నన్ను ఇడిసిపెట్టున్రి" అన్న. "నా జాగల ఇంకొకరిని చూసుకోన్రి. నాతోని కాదు."

"సరే" అన్నది ఇర్మె అక్క. "ముందు ఆ పైపు ఎట్ల జారిందో చెప్పు. అది తెలిసినంక ఇడిసిపెడతం."

"నేను ఇడిసిన. జారింది."

"అట్ల కాదు. చేసి చూపించు."

సీత దీదీ మూలకున్న రోకలి తెచ్చి నిలబెట్టింది. అదే పైపు. ఇర్మె అక్క ఒక దిక్కు పట్టుకున్నది. హుంగే నిలబడ్డ చోట నిలబడ్డది. నేను కిందికి వంగి, క్లాంపు ఉండే చోట రెండు చేతులు పెట్టిన. సిగ్గు అనిపించింది, చిన్న పిల్లల ఆట లెక్క. కాని చేతులు అక్కడ పెట్టంగనే ఆనాటి ఎండ, ఆ వేడి అన్నీ యాదికొచ్చినయి.

"ఇప్పుడు?" అన్నది హుంగే.

"ఇప్పుడు సీత దీదీ హా అన్నది. బరువు తీసుకున్నదనుకున్న. ఇడిసిన."

సీత దీదీ రోకలి వదిలి నిటారుగ నిలబడ్డది. "నేను నీతోని అనలేదు" అన్నది మెల్లగ. "మీ అత్త చెంబు చూపించి మజ్జిగ తాగుతవా అన్నట్టు సైగ చేసింది. ఆమెతోని అన్న, హా అని. నా పానా ఇంకా తగిలించనే లేదు."

మేము నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. వారం నుంచి నేను నా చేతులనే తిట్టుకుంటున్న. వాటికి బలం లేదనో, తెలివి లేదనో. అసలు తప్పు చేతులల్ల లేదు.

"నేను గూడ సీత దిక్కు చూడలేదు. నా పానా నాది అనుకున్న" అన్నది ఇర్మె అక్క.

"మనం ఎవ్వరం నోటితోని చెప్పుకోలేదు" అన్నది హుంగే. పుస్తకం తీసి రాసింది, రాసింది చదివింది. "బరువు పట్టుకున్నోళ్ళు 'పట్టిన' అనాలె, ఇద్దరూ. రెండుసార్లు వినబడ్డంకనే క్లాంపు మనిషి 'ఇడుస్తున్న' అనాలె. ఆ పనిల ఇంకో మాట మాట్లాడొద్దు. ఎవరు పలకరించినా."

రోకలితోని పదిసార్లు చేసినం. పట్టిన, పట్టిన, ఇడుస్తున్న. పదోసారికి నా గొంతు మామూలుగ వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఇడిసిపెట్టాల్నా నిన్ను?" అన్నది ఇర్మె అక్క.

"పడ్డదాన్ని ఎట్ల తీద్దాం?" అన్న.

హుంగే మాకు పని నేర్పిన ప్రకాష్ సార్‌కు ఫోన్ కలిపింది. పడిపోయిన పైపులు తీసే సామాను ఉంటదట, కాని అది దూరం నుంచి రావాలె, వానలు పడేదాక పట్టొచ్చు అన్నడు. ఎట్ల ఉంటదని అడిగితే చెప్పిండు. ఒక్కో పైపుకు పై మూతి దగ్గర లావుపాటి సాకెట్ ఉంటది గదా. ఆ సాకెట్ మీదికి టోపీ లెక్క దిగి, దాని కింద పట్టుకోవాలె. దిగేటప్పుడు తెరుసుకోవాలె, లాగేటప్పుడు మూసుకోవాలె.

ఫోన్ పెట్టేసినంక ముగ్గురూ నేల మీద బొగ్గుతోని బొమ్మలు గీసిన్రు. తెరుసుకునేదీ మూసుకునేదీ ఒకటే ఎట్లయితది అని.

నేను ఆ గీతలను చూసుకుంట, "చేప లోపలికి పోతది గాని ఎనుకకు రాదు" అన్న.

"ఏంది?" అన్నది ఇర్మె అక్క.

నేను చెప్పేలోపలనే మా అత్త తలుపు దగ్గర నుంచి కదిలింది. ఇంతసేపూ అక్కడనే నిలబడి అన్నీ విన్నదని అప్పుడు చూసిన. చూరు కింద నుంచి వాగుల చేపలకు పెట్టే వెదురు బుట్ట తీసుకొచ్చి మా మధ్యల పెట్టింది. ఆమె అల్లిందే. దాని మూతి దగ్గర సన్నటి పుల్లలు లోపలికి వంగి ఉంటయి. చెయ్యి తోస్తే పుల్లలు జరిగి చోటిస్తయి. గుంజితే చుట్టూ గుచ్చుకుని పట్టుకుంటయి.

"మజ్జిగ ఇద్దామనుకున్న బిడ్డా, అంతే" అన్నది అత్త, నాతోని కాదు, సీత దీదీతోని. సీత దీదీకి తెలుగు రాదు. లేచి అత్త చెయ్యి పట్టుకుని పక్కన కూసోబెట్టుకున్నది.

హుంగే బుట్టల చెయ్యి పెట్టి తీసింది, మళ్ళ పెట్టి తీసింది. "ఇది ఇనుముతోని చేస్తే" అన్నది.

"పుల్లలకు బదులు పట్టీలు. నాలుగు చాలు, సాకెట్ చుట్టూ" అన్న నేను. "బలంగ ఉండాలె, వంగితే మళ్ళ లేవాలె."

ముగ్గురూ నేను చెప్పేది ఆగి విన్నరు. ఎవరూ నడిమిల మాట కలపలేదు. నేను మాట్లాడుతుంటే నలుగురు ఆగి వినుడు నాకు అలవాటు లేదు. నడిమిల ఒకసారి నేనే ఆగిపోయిన. హుంగే బొగ్గు నా చేతికిచ్చింది.

భోపాలపట్నంల సోమారు అని కమ్మరి ఉన్నడు, సీత దీదీకి ఎరుక. తెల్లారి బుట్ట తీసుకుని నేనే పోయి అతని ముందు పెట్టిన. సోమారు ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి నవ్విండు. ఇంక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. సాకెట్ పట్టేటంత లావు గొట్టం మూరెడు కోసి లోపల నాలుగు ఇనుప పట్టీలు అతికిచ్చిండు. పాత పైపు ముక్క సాకెట్‌ను అందులకు తోసి చూస్తే పట్టీలు వంగినయి గాని తిరిగి లేవలేదు. పనికి రాదన్నడు.

"వేరే ఇనుము కావాలె" అన్న. "వంగి లేచేది."

సోమారు గోడకు ఆనించి ఉన్న పాత జీపు కమాను పట్టీ దిక్కు చూసిండు. దాన్ని సన్నగ సాగగొట్టి గొట్టంల అతికిచ్చుడు ఒక పూట పట్టింది. సాయంత్రం ఆరు గంటల బస్సుకు నేను ఆ గొట్టాన్ని ఒళ్ళ పెట్టుకుని ఇంటికొచ్చిన. ఇంకా వెచ్చగనే ఉండె.

తెల్లారి మళ్ళ వాడంతా వచ్చింది. ముసలయ్య మామ ఈసారి కుర్చీ తెప్పియ్యలేదు, నిలబడ్డడు.

"ఇంకేమన్న లోపల పడేస్తరా?" అన్నడు. "ఈసారన్న చెప్పున్రి, ఏదన్న అయితే ఎవరిని అడగాలె మేము?"

ఇర్మె అక్క నోరు తెరిచింది. నేను ముందుకు పోయిన.

"నన్ను అడుగు మామా. ఆనాడు క్లాంపు ఇడిసింది నేను. వీళ్ళు నా కోసం అట్ల అన్నరు. ఇయ్యాల తీసేది గూడ నేనే. కాకపోతే వీళ్ళు పక్కన ఉండాలె."

ముసలయ్య మామ నా దిక్కు శానాసేపు చూసిండు. నా పెళ్ళయినకాడి నుంచి ఆయనతోని నేను మాట్లాడిన మొదటి మాట అది. ఇర్మె అక్క బోరు మూతి దగ్గర నుంచి ఒక అడుగు ఎనుకకు జరిగి నాకు చోటిచ్చింది.

సోమారు చేసిన గొట్టాన్ని మోకుకు కట్టి దించినం. సీత దీదీ తన ముడుల తాడు పక్కపక్కనే వదులుకుంట లోతు చెప్తున్నది. ఇన్ని ముడులు, ఇంకా ఇన్ని. ఆఖరుకు మోకు వదులైంది. లోపల దేనికో తగిలింది. కొంచెం లేపి మళ్ళ దించిన. పక్కకు జారింది. రెండోసారి గూడ జారింది. ఎనుక నుంచి ఎవరో నిట్టూర్చిన్రు.

"తొందర లేదు" అన్నది హుంగే, నాకు మాత్రమే వినబడేటట్టు.

మూడోసారి కండ్లు మూసుకుని దించిన. చూసేటందుకు అక్కడ ఏమీ లేదు, అన్నీ చేతికే తెలవాలె. ఇనుము ఇనుము మీద కూసున్నట్టు చేతికి తెలిసింది. మోకు ఇంకొంచెం వదిలిన. లోపల టక్కుమన్నది. మోకు గుంజి చూస్తే రాలేదు. బరువు తగిలింది.

"పట్టింది" అన్న.

మోకు పట్టుకునేటందుకు నలుగురం చాలలేదు. వెంటనే మా అత్త చెయ్యేసింది, దాంతోని ఇంకో ఆరుగురు ఆడోళ్ళు వచ్చిన్రు. మూర మూర చొప్పున లాగినం. సాకెట్ బోరు మూతి మీద కనబడంగనే అందరూ గోలగోలగ మాట్లాడబోయిన్రు. హుంగే చెయ్యెత్తి ఆపింది. క్లాంపు బిగించిన. మోకు తీసేసినం. ఇర్మె అక్క, సీత దీదీ రెండు దిక్కుల పానాలు తగిలించిన్రు.

"పట్టిన."

"పట్టిన."

"ఇడుస్తున్న" అన్న.

నాలుగు పైపులు, నాలుగుసార్లు. వాడంతా చప్పుడు లేకుండ ఆ మూడు మాటలు విన్నది. ఆఖర్న సిలిండర్ వచ్చింది, సొట్ట పడ్డది గాని పగల్లేదు. వాషర్లు తీసి చూస్తే కాగితాల లెక్క అరిగిపోయి ఉన్నయి. కొత్తయి వేసి, పది పైపులు దించి, తల బిగించేసరికి పొద్దు వాలింది.

హ్యాండిల్ మా అత్త కొట్టింది. ముప్పయి కొట్లు, నలభై కొట్లు. ముందు గరగర అన్నది, తర్వాత తుప్పు నీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు. ముసలయ్య మామ దోసిలి పట్టి తాగిండు. మూతి తుడుసుకుని నాతోని కాదు, ఇర్మె అక్కతోని అన్నడు. "ఈమె మా ఊరి కోడలే."

"మాకు తెలుసు" అన్నది ఇర్మె అక్క.

జూన్ మొదటి వానకు సమ్మయ్య వచ్చిండు. మిర్చి అయిపోయినంక అక్కడనే ఇంకేదో పనికి ఉండి, మూట తడుపుకుంట వచ్చిండు. అన్నం తినేటప్పుడు అత్త మొత్తం కథ చెప్పింది, బుట్ట సంగతి రెండుసార్లు. సమ్మయ్య వినుకుంట తిన్నడు. చెయ్యి కడుక్కునేటప్పుడు నన్ను చూసి, "ఊరంత మంది ముందు నేనే ఇడిసిన అన్నవా?" అన్నడు.

"అన్న."

"భయం కాలేదా?"

"అయింది. వాళ్ళు ముగ్గురు ఎనుకనే ఉన్నరు."

ఆయన చెయ్యి తుడుసుకున్నడు. తర్వాత, "బుధవారం పాపను నేను చూసుకుంట" అన్నడు.

ఆ బుధవారం ముసురు పట్టింది. బస్సు కోసం గోనె కప్పుకుని రోడ్డు మీద నిలబడ్డ. ముసలయ్య మామ సైకిలు నడిపించుకుంట వచ్చిండు. ఎనుక ఆయన చిన్న కోడలు దీప, చేతుల టిఫిన్ డబ్బా. పెళ్ళయి ఏడాదయింది, వాడల ఆమె గొంతు ఎవరూ విని ఉండరు.

"ఈ పిల్లను గూడ తోలుకపో" అన్నడు ముసలయ్య మామ, నా ముఖం చూడకుండ. "దీనికి ఏ పనీ రాదు. ముందే చెప్తున్న."

దీప చెప్పుల దిక్కు చూస్తున్నది.

"పని రాకపోతేనే మంచిది మామా" అన్న. "అన్నీ వచ్చినోళ్ళకు మా దగ్గర ఏం పని?"

దీప తల లేపి నన్ను చూసింది. బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. ఎప్పుడూ నేను ముందెక్కి ఎనుక సీటు చూసుకుంట. ఆ పొద్దు దీపను ముందు ఎక్కమన్న. ఆమె ఎక్కి, డ్రైవర్ ఎనుక ఖాళీగున్న సీటుల కూసుని, నాకు పక్కన చోటు ఉంచింది.